తీసేసిన ప్రశ్న

టీచరు కంచం మేడ మీద నుంచి మళ్ళీ నిండుగానే కిందికి వచ్చింది.

అత్తగారు దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, పైన ఇంకో కంచం బోర్లించారు. నిన్నంతా అలాగే గడిచింది, ఇవాళా అంతే. మేడ మీద పస్తుంటున్నది ఆవిడ కన్నకూతురు. ఆ బాధ ఎవరి మీద చూపించాలో తెలియక కొడుకు మీద చూపించారు.

"వెళ్ళి కాళ్ళు పట్టుకోరాదుట్రా? అక్కే కదా."

"పట్టుకుందామనే వెళ్ళానమ్మా. తలుపు తీస్తే కదా" అన్నాడు మేస్త్రి.

అతను రంగులు వేసే మేస్త్రి. గోళ్ళ చుట్టూ బడి గోడల లేతనీలం ఇంకా వదల్లేదు. పొద్దుటి నుంచి సబ్బుతో తోముతూనే ఉన్నాడు. చర్మం ఎర్రబడింది కాని రంగు మాత్రం పోలేదు.

ఇంతకీ పాపం అతను చేసిన నేరమేమిటి? చెవిటి పిల్లల బడిలో అక్క టీచరు. సెలవుల్లో ఆ బడికి రంగులు వేస్తూ, అక్క గదిలోని కంప్యూటరు మీద దుమ్ము పడుతుందని జాలిపడ్డాడు. దాన్ని పసిబిడ్డను చుట్టినట్టు దుప్పట్లో చుట్టాడు. అదే ఆవరణలో తన భార్య పనిచేసే శిక్షణ సంస్థ ఉంది. అక్కడి కంప్యూటర్ల హాలుకు మోసుకెళ్ళి, మూల ఖాళీగా ఉన్న బల్ల మీద పెట్టాడు. ఆ బల్ల దగ్గరున్న తీగలన్నీ ఎక్కడివక్కడ గుచ్చాడు. మోసుకొచ్చేటప్పుడు ఏదైనా కదిలిందేమోనని ఒకసారి ఆన్ చేసి చూశాడు. తెర మీద ఏదో చకచకా నడుస్తోంది. చుట్టుపక్కల కంప్యూటర్లన్నింటిలోనూ అదే నడుస్తోంది. హమ్మయ్య, బాగానే ఉందనుకుని వచ్చేశాడు.

మర్నాడు చూస్తే అక్క దాచుకున్నదేదీ అందులో లేదు. ఆ పిల్లలు బడిలో నేర్చుకునే సైగలు వేరు, ఎవరి ఇంట్లో వాళ్ళు పుట్టించుకునే సైగలు వేరు. ఆ ఇంటి సైగలను, తల్లీబిడ్డలను కూర్చోబెట్టి, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే ఫిల్ము తీసింది ఆమె. వాటికి ఇంకెక్కడా కాపీ లేదు. ఇప్పుడు అక్కడ కడిగిన పలకలాంటి కొత్త తెర, దాని మీద శిక్షణ సంస్థ ముద్ర మాత్రమే ఉన్నాయి.

"దాన్ని ఆన్ చేయమని నీకెవరు చెప్పార్రా?" అన్నారు అత్తగారు పదోసారో పదకొండోసారో. తర్వాత కోడలి వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పొద్దుటమ్మా? నీ హాలే కదా."

కోడలు గిన్నె తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

నోరు లేని మనిషేం కాదు. హాలులో ఆమె మాటకు ఎదురులేదు, అందరూ ల్యాబ్ మేడమ్ అని ఆమె చుట్టూ తిరుగుతారు. అలాంటిది ఇది జరిగినప్పటి నుంచి నోరు కుట్టేసుకున్నట్టు ఉంది. అత్తగారు దాన్ని దిగులనుకున్నారు. అది దిగులు కాదు.

మేస్త్రి గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి ఆమె కూడా చేతులు తుడుచుకుని వెళ్ళింది.

"ఒక్కటి అడుగుతాను, చెబుతావా?" అన్నాడతను, గోళ్ళ వంకే చూసుకుంటూ. "నేను తీగ గుచ్చి ఆన్ చేసినంత మాత్రాన ఉన్నదంతా ఊడ్చుకుపోతుందా? ఊడ్చేవాళ్ళు, తుడిచేవాళ్ళు, కుర్రకారు, ఎంతమంది తిరుగుతారు ఆ హాలులో. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి నొక్కుతూనే ఉంటారు కదా?"

"మామూలు రోజుల్లో ఏం కాదు."

"మరి ఆ రోజేమిటి?"

ఆమె మంచం చివర కూర్చుంది.

"కొత్త బ్యాచ్ వచ్చే ముందు అన్నింటినీ చెరిపి, కొత్తగా సిస్టమ్ ఎక్కించాలి. ఒక్కోదాని ముందు కూర్చుని చేస్తే తెమలదు. అందుకని నా గదిలో ఉన్న సర్వరు నుంచి అన్నింటికీ ఒకేసారి పంపిస్తాను. ఎక్కించుకునేటప్పుడు ప్రతి కంప్యూటరూ బోలెడు ప్రశ్నలు అడుగుతుంది. భాష ఏది, గడియారం ఎలా పెట్టాలి, పేరేం పెట్టాలి, ఏ డిస్కు వాడాలి. వాటికి జవాబులు ముందే ఒక ఫైలులో రాసి ఉంచుతాను. అది చూసుకుని వాటి పాటికి అవే ఎక్కించుకుంటాయి. పక్కన మనిషి ఉండక్కర్లేదు."

"సరే, అన్నీ అడుగుతుందన్నావు. చెరిపేసే ముందు అడగదా?"

బయట అత్తగారు బోర్లించిన కంచం తీసి, చూసి, మళ్ళీ బోర్లించిన చప్పుడు వినిపించింది.

"అడిగేది" అంది చివరికి.

"అడిగేది అంటే?"

"ఇన్నాళ్ళూ అడిగేది. ఆ ఒక్కదానికి మాత్రం నేను జవాబు రాయకుండా వదిలేసేదాన్ని. ఉన్నదంతా పోతుంది, చెరిపేయమంటారా అని తెర మీద ఆగిపోయేది. నేను హాలంతా తిరిగి, ఒక్కోదాన్నీ చూసుకుని మీట నొక్కేదాన్ని. ఈసారి దానికి కూడా అవునని రాసేశాను."

మేస్త్రి తలెత్తాడు.

"అంటే, ఆ ప్రశ్న ఉండి ఉంటే నాకు కనబడేది."

"కనబడేది."

"కనబడితే నేను ఆగేవాణ్ణి. నీకు ఫోన్ చేసేవాణ్ణి. నేనేమన్నా అంత మొద్దునా?"

"కాదు."

"ఎందుకు తీసేశావు?"

"మీరే అన్నారు కదా, ఎప్పుడు చూసినా వాటి చుట్టూ ప్రదక్షిణాలేనా, పెందరాళే ఇంటికి రమ్మని."

"బాగుంది. ఇది కూడా నా నెత్తినే రుద్దుతున్నావన్నమాట."

"రుద్దడం లేదండీ. మీరు అనకపోయినా తీసేసేదాన్నేమో. ఎన్నేళ్ళ నుంచి నొక్కుతున్నాను ఆ మీట. ప్రతిసారీ అవుననే నొక్కాను. ఒక్కసారైనా కాదని నొక్కాల్సిన పని పడలేదు. జవాబు ఎప్పుడూ ఒకటే అయినప్పుడు ఇంక అడగడమెందుకు, కాళ్ళు లాగేలా తిరగడమెందుకు అనిపించింది. పైగా వదిన కంప్యూటరు కూడా ఒకప్పుడు మా హాలుదే. పాతవి తీసేస్తుంటే నేనే ఇప్పించాను. ఆన్ చేయగానే ముందు సర్వరు నుంచి తీగలో ఏమొస్తుందో చూసి, ఆ తర్వాతే తన డిస్కు చూసుకునేలా దాన్ని పెట్టింది నేనే. బయటికి ఇచ్చేటప్పుడు అది మార్చాలి. మార్చలేదు."

అతను మళ్ళీ గోళ్ళు గీక్కోవడం మొదలుపెట్టాడు. అరిచినా బాగుండుననిపించింది ఆమెకు.

"అక్క నన్ను గుమ్మంలో నిలబెట్టి తిడుతుంటే, నువ్వు నా పక్కనే ఉన్నావు" అన్నాడు.

"భయమేసింది. వదిన నన్నేమంటుందో అని కాదు. ఇంకెప్పుడూ ఏమీ అనదేమో, అసలు నాతో మాట్లాడడం మానేస్తుందేమో అని."

"నాతో మానేసింది కదా. అది ఫరవాలేదా?"

ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నేను చెప్పను" అన్నాడతను లేస్తూ. "చాడీ చెప్పినట్టుంటుంది. నువ్వే వెళ్ళి చెప్పు. చెప్పేదాకా నాకూ అన్నం వద్దని అమ్మతో చెప్పు."

ఆ ఇంట్లో మొండితనానికి కొదవలేదు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ సమానంగా పంచి పెట్టారు కన్నవాళ్ళు.

*

కోడలు మేడ మీద మీట నొక్కగానే తలుపు తెరుచుకుంది. తీసింది టీచరు కాదు, ఆమె కూతురు చిట్టి. చిట్టికి పుట్టుకతోనే వినబడదు. తలుపు దగ్గర ఒక దీపం ఉంటుంది, ఎవరైనా బయట మీట నొక్కితే వెలుగుతుంది. ఆ మీట బిగించింది మేస్త్రే. ఇందాక మాత్రం అతను ఎంత నొక్కినా, తల్లి వద్దనడం వల్ల చిట్టి కదల్లేదు.

చిట్టి గుమ్మం బయటికి తొంగిచూసి, ముక్కు మూసుకుని, చెయ్యి తిప్పింది. మామయ్య ఏడీ అని. మామయ్య ఎప్పుడూ రంగుల వాసన కొడతాడని, చిన్నప్పుడే అతనికి ఆ సైగ పెట్టింది. ఇంటిల్లిపాదీ ఎన్నోసార్లు నవ్వుకున్న సైగ అది, అందుకే కోడలికీ తెలుసు. కింద ఉన్నాడని వేలితో చూపించింది. చిట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

టీచరు నేల మీద గోడకు ఆనుకుని ఉంది. మూలన కెమెరా స్టాండుకు గుడ్డ కప్పి ఉంది. ఎప్పుడూ గాలిలో ఆడుతూ ఉండే ఆమె చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి.

"భోజనం సంగతి అయితే దిగిపో" అంది.

"కాదు వదినా. తప్పు ఆయనది కాదు. నాది."

నిలబడే చెప్పింది. ప్రశ్న ఎలా ఉండేదో, ఎందుకు తీసేసిందో, పాత కంప్యూటరులో ఏం మార్చకుండా వదిలేసిందో, కింద మొగుడికి చెప్పినట్టే చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు, పెందరాళే రమ్మన్న మాట.

టీచరు కళ్ళు మూసుకుని విన్నది.

"వాణ్ణి చేతకాని వెధవ అన్నాను" అంది కళ్ళు తెరవకుండానే. "ముట్టుకున్నదల్లా నాశనం చేస్తావన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళావు."

"అవును వదినా."

"ఆ పూట పొయ్యి మీద పాలు లేవు. నేను తర్వాత చూశాను. అప్పుడు అర్థం కాలేదు."

కోడలు ఏడవకూడదనుకుంది కాని కన్నీళ్ళు ఆగలేదు. టీచరు ఓదార్చలేదు.

"అంతా పోలేదు" అంది కోడలు, కొంగుతో ముఖం తుడుచుకుని. నేల మీద కూర్చుని, వెంట తెచ్చిన గుడ్డమూట ఒళ్ళో పెట్టుకుని విప్పింది. లోపల అరచేతంత డిస్కు ఉంది. "తెలిసిన వెంటనే ఆపేసి దీన్ని బయటికి తీసేశాను. కొత్త సిస్టమ్ కొంతమేరే ఆక్రమించింది. మిగతా చోట మీ ఫిల్ములు అలాగే ఉండి ఉంటాయి, వాటి పేర్లూ జాడలే పోయాయి. మళ్ళీ ఆన్ చేయకుండా, మెల్లగా తవ్వి తీయొచ్చు."

టీచరు ముందుకు వంగింది. పస్తులతో పాలిపోయిన ముఖంలోకి రక్తం వచ్చింది.

"ఎన్ని వస్తాయి?"

"చాలావరకు. కానీ ముక్కలుగా వస్తాయి. ఏ ముక్క దేనికి అతుకుతుందో తెలియాలంటే తెరిచి చూడాలి. మీరొక్కరే చేయలేరు వదినా, ఆ పని మీకు రాదు. నేనేమో చూడకుండా చేయలేను."

వచ్చిన రక్తం వచ్చినట్టే పోయింది. టీచరు మళ్ళీ గోడకు ఆనుకుంది.

"అయితే వద్దు."

"వదినా."

"వద్దన్నాను. నా గది దాటి పోవు, నేను తప్ప ఎవరూ చూడరు అని ఆ తల్లులకు మాటిచ్చాను. అందుకే కదా నువ్వు ఎన్నిసార్లు కాపీ చేసి ఇస్తానన్నా నేను ఇవ్వలేదు. నా చాదస్తం అనుకున్నావు."

అనుకుంది. ఇప్పుడు కూడా కొంచెం అనుకుంటోంది.

"సైగలే కదా వదినా. అన్నం, నీళ్ళు, బొమ్మ. అందులో దాచుకోవాల్సింది ఏముంటుంది?"

టీచరు కుడిచెయ్యి భుజం పైదాకా ఎత్తింది. అరచెయ్యి చాచి, కొట్టబోయే మనిషిలా అక్కడే ఆపింది.

"ఇదేమిటో తెలుసా?"

"కొట్టడం."

"కాదు. నాన్న. ఒక ఇంట్లో నాన్నకు ఆ పిల్ల పెట్టుకున్న సైగ ఇది. నాన్న ఆఫీసుకు వెళ్ళాడు, నాన్న బిస్కెట్లు తెచ్చాడు, అన్నీ ఇలాగే చెబుతుంది, నవ్వుతూ. కెమెరా ముందు పిల్ల అది చేయగానే తల్లి నా వంక చూసింది. తీసేయమనలేదు. ఎవరికీ చూపించనని ఒట్టు వేయించుకుంది." టీచరు చెయ్యి దించింది. "బడిలో నేర్పే సైగ అందరిదీ. ఇంటి సైగ అలా కాదు, ఇంట్లో సంగతంతా అందులో ఉంటుంది. నాకు ఆ ఫిల్ములు కావాలి. ఆ సైగల్లో కొన్నింటిని చేసిన పిల్లలే ఇప్పుడు మర్చిపోయారు, వాటికి అదొక్కటే ఆధారం. అవి లేకపోతే ఇన్నేళ్ళు నేను చేసిందేమీ లేదు. అయినా సరే."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మేస్త్రి గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. అక్క అతన్ని చూసింది. అతనూ చూశాడు.

"తిన్నావా?" అంది అక్క.

"లేదు."

"తినకపోతే పైత్యం చేస్తుంది నీకు."

"నీకు చేయదా?"

అంతకంటే క్షమాపణలు ఆ ఇంట్లో ఎవరూ చెప్పుకోరు. మేస్త్రి గుమ్మంలోనే చతికిలబడ్డాడు. వేళ్ళ సందున నీలం కనబడకుండా చేతులు మడుచుకున్నాడు.

"అయితే అందరినీ అడుగుదాం" అంది కోడలు. "ఒక్కో ఇంటికీ వెళ్దాం. ఇలా జరిగింది, నా వల్ల జరిగింది, మీది తీయాలంటే నేను చూడాల్సి వస్తుంది, చూడమంటారా అని అడుగుదాం. వద్దన్నవాళ్ళది వదిలేస్తాను. కొంత చూసేసరికి ఎవరిదో తెలిసిపోతుంది కదా, అక్కడే ఆపేస్తాను."

"నువ్వు అడుగుతావా?"

"నేనే అడుగుతాను."

"వద్దంటారు కొందరు. నీ ముఖాన్నే తలుపు వేస్తారు."

"వేయనీండి."

టీచరు కిటికీ దగ్గరున్న చిట్టి వైపు తల తిప్పింది.

"అన్నింటికంటే మొదటి ఫిల్ము దానిది. అక్కడి నుంచే మొదలుపెట్టాను ఈ పని అంతా. అప్పుడు పసిది, దాని తరఫున నేనే సరే అనుకున్నాను. ఇప్పుడది పసిది కాదు. దాన్నడుగు."

కోడలు చిట్టిని చూసింది. చిట్టి ఇందాకటి నుంచి వీళ్ళ పెదవులను, చేతులను, ఒళ్ళోని డిస్కును చూస్తూనే ఉంది.

"మీరు చెప్పండి వదినా."

"నేను చెబితే నేను అడిగినట్టు. తల్లి అడిగితే అది కాదనగలదా?"

కోడలు లేచి కిటికీ దగ్గరికి నడిచింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ పిల్లతో ఒకే ఇంట్లో ఉంది. రమ్మనడం వచ్చు, తిన్నావా అనడం వచ్చు, స్నానం, టీ, తలుపు వేసుకో. చిట్టి ప్రతిదానికీ తల ఊపేది. అంతకు మించింది ఏదైనా ఉంటే వదినతో చెప్పించడమే. ఈ పిల్ల కాదనడానికి వీలున్న ప్రశ్న ఒక్కటైనా తను అడిగిందా? ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తు రాలేదు.

చిట్టి ముందు నేల మీద కూర్చుంది. డిస్కును చూపించింది. చిట్టిని చూపించింది. తన కళ్ళను చూపించుకుంది. తర్వాత ఏం చేయాలో తెలియక రెండు అరచేతులూ చాపింది.

చిట్టి కదలకుండా చూసింది. ఉన్నట్టుండి తల బాగా కిందికి దించి, కిటికీ గట్టు మీద, కంప్యూటరు మీటలు కొట్టినట్టు, పదివేళ్ళూ టకటకా ఆడించింది. కళ్ళు ఎత్తలేదు. పక్కన పిడుగు పడ్డా ఎత్తనట్టు, వేళ్ళనే చూస్తూ ఆడించింది. తర్వాత ఆపి, కోడలి ముఖంలోకి చూసింది.

"ఏమంది వదినా? చూడమందా, వద్దందా?"

"ఇంకా ఏమీ అనలేదు" అంది టీచరు. "అది నీ పేరు."

"నా పేరా?"

"నువ్వు వచ్చిన ఏడాదే పెట్టుకుంది. అత్త అనాలంటే అలాగే అంటుంది."

కోడలు గుమ్మం వైపు తిరిగింది. మేస్త్రి తల దించుకున్నాడు. అంటే అతనికి తెలుసు. మెట్ల కింద నిలబడి వింటున్న అత్తగారికీ తెలిసే ఉంటుంది.

"నాకెవరూ చెప్పలేదే."

"నువ్వెప్పుడూ అడగలేదు" అంది టీచరు. ఆ గొంతులో కోపం లేదు.

చిట్టి చెయ్యి చాచి కోడలి ఒళ్ళోంచి డిస్కును తీసుకుంది. లాక్కోలేదు, మెల్లగానే తీసుకుంది. ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ ఒకసారి తల దించి గట్టు మీద వేళ్ళు ఆడించింది. ఆపి, గడ్డం ఎత్తింది.

"పిలుస్తోంది నిన్ను" అంది టీచరు. "ఏం కావాలో సరిగ్గా అడగమంటోంది."

కోడలు రెండు చేతులూ పైకెత్తింది. ఎత్తిన చేతులతో ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. సాయం చేయమన్నట్టు వదిన వంక చూసింది. వదిన తన చేతులు ఒళ్ళోంచి తీయలేదు.

చిట్టి రెండు అరచేతులూ డిస్కు మీద ఆనించి, అలాగే ఆగి, చూస్తోంది.